"నేను మానేస్తే అతని గతి ఏమిటి?": జంట స్కేటింగ్‌లో మీ అమ్మాయి మోస్తున్న బరువు

అమెరికాలో ఉంటున్న ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆమె కూతురికి 16 ఏళ్లు. మూడేళ్లుగా, ఇప్పుడు 20 ఏళ్లున్న ఒక అబ్బాయితో కలిసి ఐస్ మీద జంట ఫిగర్ స్కేటింగ్ చేస్తోంది. కిందటి వేసవిలో లిఫ్ట్ (అబ్బాయి అమ్మాయిని పైకెత్తే విన్యాసం) చేస్తుండగా అతని చేతుల మీద నుంచి జారి పడింది. దెబ్బ మానింది గానీ, అప్పటి నుంచి తిండి తగ్గిపోయింది, నిద్ర లేదు. రింక్‌కు వెళ్లే దారిలో రెండుసార్లు కారు ఆపించి వాంతి చేసుకుంది. మానేద్దామంటే "నేను మానేస్తే అతని గతి ఏమిటి?" అని ఏడుస్తుంది. ఆ అబ్బాయి శిక్షణ ఖర్చులో సగానికి పైగా ఈ కుటుంబమే భరిస్తోంది. "పెద్ద స్థాయికి వెళ్లాలంటే ఇదంతా మామూలేనని కోచ్ అంటున్నారు. నిజమేనా? వచ్చే నెల పోటీకి పంపమంటారా?" అని అడిగారు.

నేను క్రీడాకారులతో పనిచేసే మానసిక నిపుణురాలిని. పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, అందులో ఎక్కువ కాలం స్కేటర్లతోనే గడిచింది. మొదటి ప్రశ్నకు నేరుగా జవాబు చెబుతాను. మామూలు కాదు. చాలామందికి జరుగుతున్న మాట నిజమే. పదిమందికీ జరిగినంత మాత్రాన అది భరించి తీరవలసినదైపోదు. రింక్ దారిలో వాంతి చేసుకుంటున్న పిల్ల తన శరీరంతో మీకు ఒక సంగతి చెబుతోంది. నోటితో చెప్పలేకపోవడానికి కారణం, మీరు రాసిన ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

ఒంటరిగా స్కేటింగ్ చేసే అమ్మాయికి ఒకరోజు భయం వేస్తే జంప్ వదిలేస్తుంది. మార్కులు పోతాయి, అవి ఆమె మార్కులే. జంటలో అలా కాదు. లిఫ్ట్ మధ్యలో ఒకరు సందేహిస్తే ఇద్దరి ప్రాణం మీదికి వస్తుంది. ఒకరు పడితే ఒక మార్కు, ఇద్దరూ పడితే రెండు మార్కులు కోస్తారు, ఆ కోత ఇద్దరి ఉమ్మడి ఖాతాలో నుంచే. పోటీలో రెండు భాగాలు: షార్ట్ ప్రోగ్రామ్ రెండు నిమిషాల నలభై సెకన్లు, ఫ్రీ స్కేటింగ్ సీనియర్లకు నాలుగు నిమిషాలు. అంతసేపూ ఎదుటి మనిషి ఊపిరి లెక్కపెట్టుకుంటూ, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న బ్లేడు మీద నిలబడి బతకాలి. ఇలాంటి ఆటలో పిల్లలు మొదటి ఏడాదిలోనే ఒక పాఠం నేర్చుకుంటారు: నా భయం బయటపడితే నా జోడీకి భయం పట్టుకుంటుంది, కాబట్టి దాచుకోవాలి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పని పాఠం ఇది. నేను చూసిన నష్టాల్లో సగం దీని దగ్గరే మొదలయ్యాయి.

పైగా మీ అమ్మాయి మన ఇంట్లో పెరిగిన పిల్ల. మన వల్ల ఇంకొకరికి ఇబ్బంది రాకూడదన్న మాట ఉగ్గుపాలతో తాగి ఉంటుంది. చుట్టాల ముందు ఆ గుణాన్ని మీరు మెచ్చుకుని కూడా ఉంటారు. ఇప్పుడు అదే ఆమె గొంతు నొక్కుతోంది.

ఈ బరువు ఎంతకాలం వెంటాడుతుందో తెలియాలంటే అమెరికా స్కేటర్ తాయ్ బాబిలోనియా జీవితం చూడండి. ఆమె ఎనిమిదేళ్లప్పుడు, పదేళ్ల రాండీ గార్డ్‌నర్‌తో జత కట్టింది. చేతులు పట్టుకోవడానికి ఇద్దరూ సిగ్గుపడుతుంటే కోచ్ మేబుల్ ఫెయిర్‌బ్యాంక్స్ మిఠాయిలు ఇచ్చి ఒప్పించారట. ఆ ఇద్దరూ 1979లో ప్రపంచ విజేతలయ్యారు. 1980లో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో దేశమంతా వాళ్ల మీద ఆశ పెట్టుకుంది. గార్డ్‌నర్‌కు గజ్జల దగ్గర కండరం గాయపడింది. నొప్పి తెలియకుండా సూది వేయించుకుని వచ్చి, వార్మప్‌లో జంప్ చేస్తూ పదేపదే పడిపోయాడు. ఇద్దరూ తప్పుకున్నారు. ఆమెకు ఏ గాయమూ లేదు. అయినా ఆమె ఒలింపిక్స్ ఆ సాయంత్రంతో ముగిసిపోయింది. ఆ తర్వాతి ఏళ్లలో మద్యం, మాత్రలు, కుంగుబాటు. 1988లో ఆత్మహత్యకు ప్రయత్నించి బతికింది. ఆ సంగతులన్నీ తర్వాత ఆమే ధైర్యంగా బయటికి చెప్పింది. ఒకరి గాయానికి ఇద్దరూ మూల్యం చెల్లించే ఆట ఇది. గార్డ్‌నర్ తొడకు ఏమైందో ఆ రాత్రి ప్రపంచమంతా అడిగింది. ఆమె మనసుకు ఏమైందో అడగాలని ఎవరికీ తోచలేదు.

రెండో వైపు కూడా చూడాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో ఆ అబ్బాయి గురించి ఖర్చుల ప్రస్తావన తప్ప ఇంకేమీ లేదు. 2004 అక్టోబరులో పిట్స్‌బర్గ్‌లో జరిగిన స్కేట్ అమెరికా పోటీలో మాక్సిమ్ మారినిన్ తన జోడీ తత్యానా తోత్మియానినాను తల మీదికి ఎత్తిన లిఫ్ట్‌లో కాలు పట్టు తప్పాడు. ఆమె తల నేరుగా ఐస్‌కు కొట్టుకుంది. స్పృహ తప్పిన ఆమెను స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. అదృష్టం కొద్దీ త్వరగానే కోలుకుంది. పడిన క్షణం ఆమెకు జ్ఞాపకమే లేదు. అతనికి మాత్రం ప్రతి క్షణమూ గుర్తుంది. మళ్లీ ఆమెను పైకెత్తడానికి మారినిన్‌కు మానసిక నిపుణుల సాయం అవసరమైంది. అతను ఆ సాయం తీసుకున్నాడు. ఆ ఇద్దరూ 2005 మార్చిలో మాస్కోలో ప్రపంచ టైటిల్, 2006లో టురిన్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. పడినవాళ్ల కంటే పడేసినవాళ్లకు ఎక్కువ గాయమయ్యే సందర్భాలు ఈ ఆటలో తరచూ చూస్తాం.

నా దగ్గరికి వచ్చిన ఒక జంట గురించి, ఎవరో తెలియకుండా, కొంత చెబుతాను. అలాంటి ప్రమాదం జరిగిన రెండు నెలలకు ఆ అమ్మాయిని నా దగ్గరికి తీసుకొచ్చారు, భయం పోగొట్టమని. ఆమె స్వెట్టర్ చేతులు అరచేతుల దాకా లాక్కుని కూర్చుంది. నీళ్ల గ్లాసు అందుకోబోతే ఎడమచేతి మణికట్టు కనిపించింది. నాలుగు వేళ్ల గుర్తులు ఒకవైపు, బొటనవేలి గుర్తు మరోవైపు, పసుపు రంగుకు తిరిగిన కమిలిక మీద కొత్త నీలం. నా గుండె ఆగినంత పనైంది. అడిగితే గబగబా చెప్పింది: "కొట్టలేదండీ. పడేస్తానేమోనని గట్టిగా పట్టుకుంటున్నాడు. చెబితే ఇంకా భయపడతాడని చెప్పలేదు." మర్నాడు రింక్‌కు వెళ్లి చూశాను. లిఫ్ట్‌కు ముందు అతని మెడ నరాలు తాళ్లలా బిగుసుకుంటున్నాయి. ఆమె ముఖంలో మాత్రం నవ్వు చెదరలేదు. భయం ఎక్కువగా ఉన్నది అతనికి, చికిత్సకు పంపింది ఆమెను. అతనికి వేరే నిపుణుడిని చూశాం. ఆరు వారాలు లిఫ్టులు పూర్తిగా ఆపించాం. ఆ కోచ్‌కు అది నచ్చలేదు, నాతో గొడవ పెట్టుకున్నారు. తర్వాత నేల మీద, మెత్తటి పరుపుల మీద మొదటి నుంచి మొదలుపెట్టారు. మణికట్టు మీద గుర్తులు మాయమైన రోజు ఆ అమ్మాయి స్వెట్టర్ వేసుకోకుండా వచ్చింది.

ఇది మీకు రెండు కారణాలతో చెబుతున్నాను. ఆ అబ్బాయిని కూడా ఎవరైనా విడిగా కూర్చోబెట్టి మాట్లాడించాలి. అలాగే, ఒంటి మీద గుర్తులు కనిపిస్తే ప్రతిసారీ "భయంతో పట్టుకున్నాడు" అన్న వివరణతో తృప్తి పడకూడదు. ఎలెనా బెరెజ్నాయా సంగతి అందుకే గుర్తుంచుకోవాలి. ఆమె లాట్వియా తరఫున ఒలెగ్ ష్లియాఖోవ్‌తో స్కేటింగ్ చేసిన రోజుల్లో అతను ఆమెతో దురుసుగా ప్రవర్తించేవాడన్న సంగతి ఆ రింకుల్లో తెలియనిది కాదు. 1996 జనవరిలో సాధన చేస్తుండగా, పక్కపక్కనే స్పిన్ తిరిగేటప్పుడు, అతని బ్లేడు ఆమె తలకు తగిలి పుర్రె చీలింది. మాట పడిపోయింది. మాట్లాడటం మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కోచ్ తమారా మోస్క్‌వినా దగ్గర, ఆంటోన్ సిఖరులిద్జే జోడీగా నిలిచి, 1998లో ఒలింపిక్ రజతం, 2002లో స్వర్ణం అందుకుంది. ఆమె కోలుకోవడాన్ని అందరూ అద్భుతమన్నారు. నాకు మాత్రం అంతకు ముందు సంవత్సరాలే కళ్ల ముందు మెదులుతాయి. అంతమంది పెద్దవాళ్లు చూస్తూ, జోడీ దొరకడం కష్టమని ఊరుకున్న సంవత్సరాలు అవి.

జోడీ దొరకడం కష్టమన్న మాట నిజమే. ఆడపిల్లలు ఎందరో, మగపిల్లలు కొందరే. అందుకే అబ్బాయి కోసం కుటుంబాలు ఊళ్లు మారతాయి, దేశాలు మారతాయి, అతని ఖర్చు నెత్తిన వేసుకుంటాయి. ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే ఇద్దరికీ ఒకే దేశపు పౌరసత్వం ఉండాలి. అల్యోనా సావ్‌చెంకోతో కలిసి జర్మనీ తరఫున ఆడటానికి ఫ్రాన్స్ కుర్రాడు బ్రూనో మాసో తన దేశ సమాఖ్య అనుమతి కోసం నెలల తరబడి ఎదురుచూశాడు. జర్మన్ భాషా పరీక్ష గట్టెక్కి 2017 చివరలో గానీ పౌరసత్వం పొందలేదు. కొన్ని వారాలకే ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచారు కాబట్టి మనం ఆ కథను ఆనందంగా చెప్పుకుంటాం. అలా ఎదురుచూసి ఏమీ గెలవని జంటల పేర్లు ఎవరికీ తెలియవు. డబ్బు, వీసా, సంవత్సరాలు ఇంతగా పోసిన తర్వాత "నాకు బాగాలేదు" అనడానికి పదహారేళ్ల పిల్లకు నోరెలా వస్తుంది? మీరు అతని ఖర్చు పెట్టుకోవడంలో మీ మంచి మనసు తప్ప ఇంకేమీ లేదని నాకు తెలుసు. కానీ ఇంట్లో ఆ లెక్కలు ఆమె చెవిన పడుతున్నాయేమో చూడండి. పడుతుంటే, ఆమె మనసులో అదొక అప్పు. అది తీర్చడానికి ఆమె దగ్గరున్నది తన శరీరమే.

తిండి విషయానికి వస్తే, నాకు ఎక్కువ ఆదుర్దా ఇక్కడే. తల మీదికి ఎత్తే ఆటలో బరువు మాట ఎప్పుడూ గాల్లో ఉంటుంది. "ఈ రోజు కాస్త బరువనిపించావు" అని అతను మామూలుగా అన్నా చాలు, ఆమె రాత్రి భోజనం మానేస్తుంది. కిందపడిన తర్వాత అయితే ఎవరూ అనక్కర్లేదు, తన బరువు వల్లే పడ్డానని తనే తీర్మానించుకుంటుంది. అమెరికా స్కేటర్ యాష్లీ కెయిన్‌కు జంట స్కేటింగ్‌కు నువ్వు మరీ పొడవన్న మాట ఏళ్ల తరబడి వినిపించింది. ఆమె టిమోథీ లెడ్యుక్‌తో కలిసి 2019లో, 2022లో జాతీయ టైటిళ్లు గెలిచింది. సింగిల్స్‌లో గ్రేసీ గోల్డ్ ఆహార సంబంధమైన రుగ్మత, కుంగుబాటు, ఆందోళనలకు చికిత్స కోసం 2017లో పోటీలు ఆపేసింది. ఆ తర్వాత ఆ విషయాలు దాచకుండా మాట్లాడింది. సాధనకు తగిన తిండి లేకపోతే నెలసరి ఆగుతుంది, ఎముకలు బలహీనమవుతాయి, మనసు కుంగుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లోనే దీన్ని ఆటల్లో ఒక ప్రత్యేక వైద్య సమస్యగా గుర్తించారు. మీ అమ్మాయికి నెలసరి సక్రమంగా వస్తోందా? మూడు నెలలుగా రాకపోతే ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వస్తున్నా తీసుకెళ్లండి. కిందపడినప్పుడు తలకు తగిలిందా, ఆ తర్వాత మెదడుకు సంబంధించిన పరీక్ష జరిగిందా అన్నది కూడా డాక్టరుకు చెప్పండి. తల అదిరిన తర్వాత నిద్ర పట్టకపోవడం, వాంతులు, దిగులు చాలా రోజులు వెంటాడవచ్చు. కాబట్టి అన్నిటినీ ముందే మానసికమని కొట్టిపారేయకూడదు.

ఒక పేరు రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఎకతెరీనా అలెగ్జాండ్రోవ్‌స్కయా మాస్కో పిల్ల. జోడీ కోసం ఆస్ట్రేలియా తరఫున ఆడింది. హార్లీ విండ్సర్‌తో కలిసి 2017లో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది. మరుసటి ఏడాది ఒలింపిక్స్‌కు వెళ్లింది. 2020 మొదట్లో మూర్ఛ వ్యాధి ఉందని తేలి, స్కేటింగ్ వదులుకోవలసి వచ్చింది. అదే ఏడాది జూలైలో మాస్కోలో మరణించింది. ఇరవయ్యేళ్లు. ఏ కారణం ఎంత అని దూరం నుంచి తేల్చే హక్కు నాకు లేదు. నా వృత్తిలో ఉన్నవాళ్లకు ఆ వార్త ఒక సంగతి మాత్రం నేర్పింది. ఆట ఆగిన తర్వాతి నెలల్లోనే పిల్లలను ఎక్కువగా కనిపెట్టుకుని ఉండాలి. అందరి ఫోన్లూ ఆగిపోయేది అప్పుడే. రేపు మీ అమ్మాయి నిజంగానే మానేస్తే, ఆ రోజుతో బాధ తీరిపోయిందని అనుకోకండి.

జోడీ విడిపోతే అతని గతి ఏమిటన్న ప్రశ్నకు మీ అమ్మాయికి ఒక నిజమైన జవాబు చెప్పండి. అలెక్సా, క్రిస్ నియరిమ్ భార్యాభర్తలు, 2018లో అమెరికా జట్టుకు ఒలింపిక్ కాంస్యం తెచ్చినవాళ్లలో ఇద్దరు. 2020లో క్రిస్ గాయాలతో పాటు కుంగుబాటుతోనూ పోరాడుతున్నానని చెప్పి పోటీల నుంచి తప్పుకున్నాడు. అలెక్సా ఆగిపోలేదు. బ్రాండన్ ఫ్రేజియర్‌తో కలిసింది. ఆ ఇద్దరూ 2022లో మాంట్‌పెలియేలో ప్రపంచ విజేతలయ్యారు. అమెరికా జంటకు ఆ టైటిల్ దక్కడం 1979 తర్వాత అదే మొదటిసారి. అంటే బాబిలోనియా, గార్డ్‌నర్‌ల తర్వాత. వాళ్ల శిక్షణ బృందంలో ఉన్నది ఎవరనుకున్నారు? క్రిస్. తనకు బాగాలేదని నోరు విప్పి చెప్పడం వల్ల అతను ఆమె జీవితాన్ని పాడుచేయలేదు. ఇక ఆగిపోతే తన సంగతి ఏమిటన్న భయానికి డియానా స్టెల్లాటో ఉంది. 17 ఏళ్లకు తుంటి గాయాలతో మానేసి, పదహారేళ్ల తర్వాత తిరిగి వచ్చి, 2024లో మాంట్రియల్‌లో మాక్సిమ్ దెషాంప్ జోడీగా 40 ఏళ్ల వయసులో ప్రపంచ టైటిల్ గెలిచింది. అందరికీ అలా జరుగుతుందని నేను చెప్పను. కానీ పదహారేళ్లకు తలుపులన్నీ మూసుకుపోవు. అసలు మీ అమ్మాయికి ఇంకా సీనియర్ వయసే రాలేదు. 2022లో అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం అనుకూలంగా 100, వ్యతిరేకంగా 16 ఓట్లతో సీనియర్ల కనీస వయసును 15 నుంచి 17కు పెంచాలని నిర్ణయించింది. ఆ పిల్లల శరీరాలకూ మనసులకూ సమయం కావాలని పెద్దలు ఒప్పుకున్న రోజు అది.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలంటే. "నీకు ఇష్టం లేకపోతే మానేయమ్మా" అని ఇక అడగకండి. మీరు ప్రేమతోనే అంటున్నారు, ఆమెకు మాత్రం "నువ్వు ఓడిపోయావు" అని వినిపిస్తోంది. దాని బదులు చిన్న ప్రశ్న అడగండి. లిఫ్ట్‌లో ఏ క్షణంలో భయం వేస్తుంది? అతను నడుము పట్టుకున్నప్పుడా, కాళ్లు ఐస్ వదిలినప్పుడా, పైన ఉన్నప్పుడా, దిగేటప్పుడా? నేను ఇలా అడిగినప్పుడు "ఏమీ లేదు" అన్న పిల్లలు కూడా రెండు నిమిషాల్లో చేతులతో చూపిస్తూ చెప్పడం మొదలుపెడతారు. వింటున్నప్పుడు సలహా ఇవ్వకండి. కారులో అడిగితే మంచిది, ముఖాలు ఎదురెదురుగా ఉండవు.

ఇద్దరికీ ఒకే నిపుణుడిని పెడతామని కోచ్ అంటే ఒప్పుకోకండి. జంట కోసం పనిచేసే మనిషి వేరే ఉండవచ్చు, ఆమెకు మాత్రం తనదైన మనిషి కావాలి. అక్కడ చెప్పిన మాట కోచ్‌కు చేరదన్న హామీ ఉండాలి. మంచి జోడీ అంటే ఒకరికొకరు అన్నీ అయిపోవడమన్న మాట రింకుల్లో చాలా వినిపిస్తుంది. నేను దాన్ని అసలు ఒప్పుకోను. ఇరవయ్యేళ్ల కుర్రాడు ఆమెను పట్టుకోగలడు, ఆమె కుంగుబాటును మోయలేడు. ఆమె కూడా అతనిది మోయలేదు. లిఫ్ట్‌కు ముందు ఇద్దరిలో ఎవరు అరచెయ్యి చూపించినా ఆ రోజుకు ఆ లిఫ్ట్ లేదు, కారణం అడగరాదు అన్న నియమం పెట్టమనండి. నేను పనిచేసిన జంటలు ఈ నియమం పెట్టుకున్నాక సాధన తగ్గిపోలేదు. మొదటి వారంలో నాలుగైదుసార్లు చెయ్యి లేచింది, తర్వాత ఎప్పుడో ఒకసారి. అలాగే విడిపోవలసి వస్తే ఎన్ని వారాల ముందు చెప్పాలి, అప్పటిదాకా అతని ఖర్చు ఎవరిది అన్నది ఇప్పుడే కాగితం మీద పెట్టండి. అతనికి మరో జోడీని వెతుక్కోవడానికి మూడు నెలల శిక్షణ ఖర్చు ఇస్తామని రాసి, ఆ కాగితం ఆమెకు చూపించండి. అతని గతి గురించిన భయం అప్పుడు ఆమె ఒక్కదాని నెత్తిన ఉండదు.

ఆమె చచ్చిపోవాలనుందని గానీ, నేను లేకపోతే అందరికీ హాయి అని గానీ అంటే, అది కోపంలో అన్నా సరే, ఆ రోజే సాయం తీసుకోండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి భయపడకండి, అడగడం వల్ల ఆలోచన పుట్టదు. అమెరికాలో 988కు ఫోను చేయవచ్చు, సందేశం పంపవచ్చు. ఇది చదువుతున్న భారతదేశంలోని తల్లిదండ్రులకు టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎవరైనా ఆమెను కొట్టినా, బెదిరించినా, హద్దు మీరినా కోచ్‌తో పంచాయితీ పెట్టుకోకుండా ఆటల్లో వేధింపుల మీద విచారణ చేసే అమెరికా సేఫ్‌స్పోర్ట్ కేంద్రానికి నేరుగా ఫిర్యాదు చేయండి.

వచ్చే నెల పోటీ సంగతి. డాక్టరు, మానసిక నిపుణుడు చూడకముందు పంపకండి. ఎంట్రీ వెనక్కి తీసుకోవలసి వస్తే కోచ్‌కు ఫోను మీరు చేయండి, ఆమెతో చేయించకండి. "నిర్ణయం మాది, డాక్టరు చెప్పారు" అనండి. అబ్బాయికి మాత్రం ఆమెను స్వయంగా చెప్పనివ్వండి, నిపుణుడి గదిలో, నిపుణుడి ఎదురుగా. అతను ఏమంటాడో అని ఆమె చాలా భయపడుతుంది. ఇలాంటి గదుల్లో నేను చాలాసార్లు కూర్చున్నాను. అబ్బాయి కాసేపు నేల చూపులు చూసి, "నాక్కూడా నిద్ర పట్టడం లేదు" అన్న సందర్భాలే ఎక్కువ.